డీజిల్ మందు సీసా

నేను తయారుచేసిన డీజిల్ మందు తిరగని ఊరు మూడు జిల్లాల్లో లేదు. గద్వాల వైపు వడ్డేపల్లి నుంచి, వనపర్తి వైపు పెద్దమందడి నుంచి, ఇటు నాగర్‌కర్నూల్ దాకా రెండు వందల ట్రాక్టర్లు వారం వారం నా సీసా తాగి చేలు దున్నాయి. పొగ తగ్గింది, ఇంజన్ మెత్తబడింది, పొద్దున సెల్ఫ్ కొట్టగానే బండి లేచి నిలబడింది.

ఇది నేను హోటల్ బల్ల దగ్గర చెప్పే లెక్క. రాతలో అబద్ధం ఆడితే చెయ్యి వణుకుతుంది కాబట్టి సరిచేస్తున్నాను. ట్రాక్టర్లు పదకొండు. వడ్డేపల్లి నుంచి వచ్చినవాడు ఒకే ఒక్కడు, అదీ బిజినేపల్లిలో చుట్టాల ఇంటికి వచ్చినప్పుడు, ఒకే ఒకసారి. పెద్దమందడి ఆయన రెండుసార్లు తీసుకుపోయాడు, మూడోసారి ఎదురుపడితే మొహం తిప్పుకున్నాడు. చెయ్యి వణకడం కూడా అబద్ధం వల్ల కాదు. నాకు డెబ్భై మూడేళ్ళు.

పుట్టింది గద్వాలలో, మగ్గం ఉన్న ఇంట్లో. నూలు చీరకు పట్టు అంచు అతికేచోట పోగుకు పోగు కలపాలి, చూపు అటూ ఇటూ పోకూడదు. ఆ ఓర్పు నా వేళ్ళకు వచ్చింది కానీ నడుముకు రాలేదు. పదహారేళ్ళకు మగ్గం గుంటలోంచి లేచి రాయచూరు పోయి డీజిల్ పంపులు బాగుచేసే షాపులో చేరాను. పెళ్ళయ్యాక మా ఆవిడ పుట్టిన ఊరు దగ్గరని బిజినేపల్లిలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాను. నలభై ఏళ్ళు నాజిళ్ళతోనే గడిచాయి. నాజిల్ అంటే ఇంజన్ లోపలికి డీజిల్‌ను మంచులాగా చల్లే చిన్న ముక్క. అది సరిగ్గా చల్లితే ఇంజన్ ఇంజన్‌లా ఉంటుంది, చల్లకపోతే ముసలివాడిలా దగ్గుతుంది.

కిలోమీటరు దూరంలో వస్తున్న బండి చప్పుడు విని దాని జబ్బు చెప్పేవాడినని నాకు పేరు. ఆ పేరు నేనే పెట్టుకున్నాను. కిలోమీటరు ఎక్కువ. షెడ్డు ముందు ఆగి నాలుగు నిమిషాలు తిరిగితే చెప్పేవాడిని. అయితే అలా చెప్పినదాంట్లో తప్పు పోయింది లేదు. ఈ మాటలో మాత్రం ఒక్క పోగు కూడా ఎక్కువ కలపలేదు. ఎందుకంటే తర్వాత జరిగినదానికి నాకు తెలియదని తప్పించుకునే దారి లేకుండా చేసింది ఈ చెవులే.

కొత్త ట్రాక్టర్లు వచ్చాయి. వాటి పంపులు విప్పాలంటే పానాలు చాలవు, కంప్యూటర్ కావాలి. కంపెనీ వాళ్ళు సంచిలో కంప్యూటర్ తెచ్చి, తీగ తగిలించి, చేతికి నూనె అంటకుండా పోతారు. పాత బండ్లు ఒక్కొక్కటే పాత ఇనుముకు పోయాయి. మా ఆవిడ నాలుగేళ్ళ కింద నాగర్‌కర్నూల్ దవాఖానలో పోయింది. మాకు పిల్లలు లేరు. పొద్దున షట్టర్ ఎత్తితే సాయంత్రం దించేదాకా నోరు తెరిచే పని ఉండేది కాదు. ఒకరోజు ఎదురుగా ఉన్న హోటల్ అతను మధ్యాహ్నం చాయ్ తెచ్చి పెట్టి ఏదో అడిగాడు. జవాబు చెప్పబోతే గొంతు రాలేదు. రెండుసార్లు సవరించుకున్నాక వచ్చింది. నిన్న సాయంత్రం నుంచి ఎవరితోనూ మాట్లాడలేదని అప్పుడు లెక్క తేలింది.

మందు ఆలోచన ఒక లారీ డ్రైవర్ ఇచ్చాడు. టైరు గాలి కోసం ఆగి, డీజిల్‌లో కలిపే మందేమైనా ఉందా అని అడిగాడు. అలాంటివి స్పేరు పార్ట్స్ షాపుల్లో దొరుకుతాయి, రంగు కాగితం చుట్టిన బుడ్డీలు. లేదు అంటే పోతాడు. ఉంది, రేపు రా అన్నాను. రాత్రికి రాత్రి కనిపెట్టానని తర్వాత అందరికీ చెప్పాను కానీ కనిపెట్టడానికి అందులో ఏమీ లేదు. స్కూటర్లకు పోసే టూటీ ఆయిల్ మూడు వంతులు, షాపులో కొన్న నాజిల్ క్లీనర్ ఒక వంతు, వాసన కోసం నాలుగు చుక్కలు నీలగిరి తైలం. మా ఆవిడ పాత చీర ముక్కలో వడగట్టేవాడిని. వడగట్టాల్సినంత చెత్త దాంట్లో ఉండదు. ఎవరైనా చూస్తుంటే వడగడితే నమ్మకం కుదురుతుందని అలా చేసేవాడిని.

ఆ మందు చెడ్డది కాదు. పంపుకు కొంచెం జిడ్డు దొరుకుతుంది, చప్పుడు కాస్త మెత్తబడుతుంది, కొత్తగా పట్టిన మసి కొంత వదులుతుంది. అంతవరకే. అరిగిపోయిన నాజిల్‌ను ఏ సీసా బాగుచేయదు. విప్పాలి, కడగాలి, సూది మార్చాలి, మళ్ళీ బిగించాలి.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. మందు పెద్ద సీసాలో పోస్తే నెలకు ఒకసారి వస్తారు. అందుకని పిల్లల దగ్గు మందు సీసాలు ఏరి తెచ్చి వాటిలో పోశాను. ఒక సీసా ఒక వారానికి. ఎక్కువ పోస్తే పంపు పాడవుతుందని భయపెట్టాను. దాంతో వచ్చే పైసలు చాయ్‌కే సరిపోయేవి. నాకు కావలసింది వారానికి ఒకసారి వచ్చి స్టూలు మీద కూర్చునే మనిషి.

అలా అందరికంటే ఎక్కువగా వచ్చిన మనిషి గురించే ఇదంతా. బిజినేపల్లికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఊరు. నలభై అయిదేళ్ళు ఉంటాయేమో. ఎనిమిది ఎకరాల ఎర్రమట్టి చెలక కౌలుకు చేసేవాడు. చేతులు మారిన పాత ట్రాక్టర్ ఒకటి ఉంది. వారపు సంత జరిగే అంగడి రోజున ట్రాలీలో ఊరి వాళ్ళనూ బస్తాలనూ వేసుకుని వచ్చేవాడు. మొదటిసారి నా షెడ్డు ముందు ఆగినప్పుడు దసరా వెళ్ళి చలి మొదలవుతోంది. పొద్దున బండి లేవడం లేదని, లేచినా తెల్లటి పొగ పోతోందని చెప్పాడు.

అతను చెప్పకముందే నా చెవులు చెప్పాయి. మూడు సిలిండర్ల ఇంజన్. ముందుదీ వెనకదీ బాగున్నాయి. నడిమి దాని నాజిల్ చల్లడం లేదు, కారుతోంది. ఒక పూట పని. సామాను నా డబ్బాలోనే ఉంది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. అంతలో అతను స్టూలు లాక్కుని కూర్చుని, తువ్వాలతో మొహం తుడుచుకుని, షెడ్డు అంతా ఒకసారి కలయజూసి అడిగాడు.

"ఒక్కనివే ఉంటవా ఉస్తాద్?"

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడిగి చాలా కాలమయింది. ఒక్కడినే అన్నాను. తర్వాత చెప్పవలసిన మాట మింగి సీసా తీసి ఇచ్చాను. అతను మూత తిప్పి వాసన చూసి నా మొహంలోకి చూశాడు.

"గిది పోస్తే సరిపోతదా, ఇప్పి చూడాల్నా?"

"ఇప్పుడే ఇప్పొద్దు తమ్మీ. మందుతోటే దారికొస్తది. వారం వారం రావాలె."

సరేనన్నాడు. వారం వారం వచ్చాడు.

ఊరి వాళ్ళు అంగడి చేసుకుని వచ్చేదాకా గంట, గంటన్నర నా దగ్గరే ఉండేవాడు. రెండో వారం నుంచి రొట్టెలు తెచ్చాడు. ఒక్కడే ఉంటాడట అని ఇంట్లో చెబితే అతని భార్య జొన్నరొట్టెలు, పల్లీల తొక్కు గుడ్డలో కట్టి పంపిందట. మర్నాటికి కూడా సరిపోయేన్ని ఉండేవి. నేను తింటుంటే అతను పత్తి గురించి, ఆ చెలక ఇచ్చిన ఆసామి పెట్టే తిప్పల గురించి, భార్య మాట నెగ్గించుకునే తీరు గురించి చెప్పేవాడు. నేను నా గొప్పలు చెప్పేవాడిని. పంపు కాలిపోయి కృష్ణ ఒడ్డున ఆగిన లారీని గుండుసూదితో లేపిన కథ ఒకసారి, రాయచూరు స్టేషన్‌లో రైలింజను కథ ఇంకోసారి. అతను అన్నీ వినేవాడు, చివర్లో ఒక్కటి వేసేవాడు.

"పోయిన వారం లారీ అంటివి, ఇయ్యాల రైలు అంటివి. వచ్చే వారం ఇమానం గిట్ట బాగుజేస్తవా ఏంది?"

వచ్చే వారం విమానం కథ నిజంగానే తయారుచేసి పెట్టుకున్నాను. అంగడి రోజుకు ముందు రోజు షెడ్డు ఊడ్చేవాడిని, స్టూలు తుడిచేవాడిని. మిగతా ఆరు రోజులు ఆ కథకు మెరుగులు దిద్దేవాడిని.

బండి మొదట్లో కొంచెం నయమైనట్టే కనిపించింది. పొగ పలచబడింది. మందు పనిచేస్తోందని అతను హోటల్లో నలుగురికీ చెప్పాడు. కానీ అది రోడ్డు మలుపు తిరిగి షెడ్డు ముందు ఆగేదాకా నేను చెవులొగ్గి వినేవాడిని. నడిమి సిలిండర్‌లో టక్కుటక్కు మొదలైంది. కారే నాజిల్ ఊరికే ఉండదు. డీజిల్ ధార పడ్డచోటే పిస్టన్ నెత్తి మాడుతుంది. కొన్నాళ్ళకు గుంట పడుతుంది. ఇది నాకు పదిహేడేళ్ళ వయసులో రాయచూరులో నేర్పారు. ఈసారి చెబుదాం అనుకుని రెండుసార్లు లేచి నిలబడ్డాను. ఒకసారి అతను నా కథకు నవ్వుతున్నాడు. ఇంకోసారి ఏమీ లేదు, ఎండగా ఉంది, అంతే. మందులో నీలగిరి తైలం ఆరు చుక్కలు చేశాను.

ఎండాకాలం చివర్లో ఒక అంగడి రోజు అతని భార్య కూడా వచ్చింది. ట్రాలీ దిగి నేరుగా నా దగ్గరికే వచ్చింది. మనిషి పొట్టి, మాట సూటి.

"పెద్దయ్యా, వాన పడినంక బండి నిలబడదు గద? మాకు దాని మీదనే ఉన్నది."

ఆమె ఎందుకు అడిగిందో నాకు తెలుసు. ఎర్ర చెలక తడిని నిలుపుకోదు. మొదటి వానకు పదును వచ్చిందంటే నాలుగైదు రోజులు. ఆ లోపల దున్ని విత్తనం వేస్తే పంట, లేకపోతే మళ్ళీ వాన ఎప్పుడో. వానకు ఊళ్ళో అందరి బండ్లూ అందరి చేలల్లోనే ఉంటాయి, కిరాయికి ఒక్కటి దొరకదు. ఎనిమిది ఎకరాల కౌలు, ఏడాది తిండి ఆ నాలుగైదు రోజుల మీద ఉన్నాయి. నడిమి పిస్టన్ ఎప్పుడు పోతుందో చెప్పలేని ఇంజన్ మీద ఉన్నాయి.

"నా పూచీ బిడ్డా," అన్నాను. ఆమె చేతిలో సీసా పెట్టాను.

మృగశిర కార్తె, మా మిరుగు, వచ్చిన మూడో రోజున పొద్దున్నే మంచి వాన పడింది. షెడ్డు రేకుల మీద ఆ చప్పుడుకు అందరూ సంతోషపడే వేళ నేను డబ్బా తెరిచి నాజిళ్ళు లెక్కపెట్టుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. మూడు ఎకరాలు అయ్యాయట, నాలుగోది మొదలుపెట్టగానే బండి ఊగి, మబ్బులా పొగ ఊది ఆగిపోయిందట. మళ్ళీ లేవడం లేదట. కంగారుగా చెప్పాడు కానీ కోపంగా చెప్పలేదు. చివర్లో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

"ఉస్తాద్, జర జల్ది రా. రెండు సీసాలు తెస్తవా?"

సీసాలు తీసుకుపోలేదు. పానాల సంచి, నాజిళ్ళ డబ్బా ఆటోలో వేసుకుని పోయాను. చేను గట్టు మీద ఇద్దరూ నిలబడి ఉన్నారు. అతను ముందు నా చేతుల వైపు చూశాడు, తర్వాత సంచి వైపు చూశాడు.

నాజిళ్ళు మూడూ తీసి పైపులకే బయటికి తిప్పి బిగించాను. సెల్ఫ్ కొట్టమన్నాను. ముందుదీ వెనకదీ మంచులా చల్లాయి. నడిమిది ముక్కు కారినట్టు కారింది. పత్తికి మందు కొట్టే మనిషికి అది చూపించి చెప్పనవసరం లేదు. స్ప్రేయర్ నాజిల్ అరిగితే ఎలా ఉంటుందో అతనికి నాకంటే బాగా తెలుసు. హెడ్ విప్పాక నడిమి పిస్టన్ నెత్తి మీద గుంట కనబడింది, వేలు పట్టేంత.

"ఇది ఎప్పటిసంది ఇట్లున్నది?" అన్నాడు.

ఇక్కడ నేను తలవంచి నిజం చెప్పానని రాస్తే చదివేవాళ్ళకు నా మీద కాస్త మంచి అభిప్రాయం కలుగుతుంది. అలా చెప్పలేదు. మందు వారం వారం సరిగ్గా పోశావా అని అడిగాను. నలభై ఏళ్ళ ఉస్తాదు నోటి నుంచి ఆ మాటే ముందు వచ్చింది.

అతని భార్య మారు మాట్లాడకుండా ట్రాలీ దగ్గరికి పోయి ఒక సంచి తెచ్చి నా ముందు కుమ్మరించింది. నా సీసాలు. అన్నీ కడిగి, మూతలు బిగించి ఉన్నాయి. తిరిగి ఇస్తే నాకు పనికొస్తాయని దాచిందట. ఇన్ని వారాల్లో ఒక్కటి కూడా తక్కువ లేదని చూడగానే తెలిసింది.

అప్పుడు చెప్పాను. తడి మట్టిలో కూలబడి చెప్పాను. "నువ్వొచ్చిన మొదటి రోజే తెలుసు తమ్మీ. ఒక్క పూట పని అది."

"మరెందుకు చెప్పలే?"

"బాగుజేస్తే మళ్ళ రావు గద అనుకున్న."

అతను నా వైపు చూడలేదు. దున్నకుండా మిగిలిన చేను వైపు చూశాడు. మాట్లాడింది ఆమె. గొంతు పెంచలేదు, అందుకే ఎక్కువ తగిలింది.

"బండి బాగుంటే రొట్టె పంపకుంటనా పెద్దయ్యా?"

మట్టిలో పడ్డ సీసాలు ఒక్కొక్కటే తీసి సంచిలో వేశాను. కాసేపటికి అతను మోటారుసైకిల్ తాళం చెవి తీసుకున్నాడు. "ఏం సామాను గావాల్నో చెప్పు. తడి ఆరుతున్నది," అన్నాడు. చెప్పాను. వనపర్తి పోయి పిస్టన్, లైనర్, కొత్త నాజిల్ తెచ్చాడు.

రెండు పగళ్ళు ఆ చేనులోనే పనిచేశాను. ట్రాలీకి పరదా కట్టి నీడ చేశారు. పూర్తి ఇంజన్ విప్పి ఏళ్ళయింది. మోకాళ్ళు పట్టుకుంటే పరదా కట్టె పట్టుకుని లేచేవాడిని. చెయ్యి జారి ఒక నట్టు మట్టిలో పడితే అరగంట వెతికాను. ఆమె నాకు అన్నం పెట్టింది, నీళ్ళు ఇచ్చింది. నేను అడిగిన పానా అతను అందించాడు. పనికి సంబంధించిన మాట తప్ప ఇద్దరూ ఇంకో మాట మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ ఒక్క మబ్బు లేదు, ఎండ నిప్పులా కాసింది. చెలక రంగు పూట పూటకూ మారుతోంది. పొద్దున ముదురు ఎరుపు, సాయంత్రానికి ఇటుక రంగు. గాలి వీస్తే అంచుల్లో దుమ్ము లేవడం మొదలైంది. పని చేస్తున్నంతసేపూ నేను ఇంజన్‌ను కాదు, దాన్నే చూస్తున్నాను.

మూడో రోజు పొద్దున సెల్ఫ్ కొట్టాడు. ఒక్క కొట్టుకే లేచింది. పొగ లేదు. మూడు సిలిండర్లూ ఒక్క గొంతుతో పలికాయి. నా చేతి పనిలో అంత మంచి చప్పుడు ఎప్పుడూ రాలేదు. ఇది గొప్ప కాదు, నిజం. అతను గేరు వేసి చేనులోకి తిప్పాడు. తడి ఇంకా లోపల ఉంది. సాయంత్రానికి మిగిలిన అయిదు ఎకరాలూ దున్ని విత్తనం వేశారు. గట్టు దగ్గర బండి ఆపి, కిందికి దిగి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, అంగడి రోజు వస్తానన్నాడు.

నాలుగు రోజుల కింద ఇక్కడిదాకా రాసి కాగితాలు పక్కన పెట్టాను. బాగానే ఉందనిపించింది. ఈ పొద్దు చదువుకుంటే నా మందు సీసా వాసన వచ్చింది.

నిజానికి ఆ అయిదింట్లో విత్తనం పడింది రెండు ఎకరాలే. మూడు ఎకరాల్లో నాగలి దిగితే పెళ్ళలు లేచాయి, విత్తనం వేయడానికి పదును లేదు. మళ్ళీ వాన ఇరవై రోజులకు వచ్చింది. అప్పటికి పత్తి అదను దాటిపోయింది, ఆ మూడు ఎకరాల్లో ఆముదాలు వేశారని ఆ ఊరి వాళ్ళు చెప్పారు. గట్టు దగ్గర అతను బండి ఆపలేదు. భుజం మీద చెయ్యి వేయలేదు. నేను సంచి సర్దుకుని రోడ్డు దాకా నడిచి ఆటో ఎక్కాను. ఇంజన్ చప్పుడు వెనక చాలా దూరం వినబడింది. అది ఎంత బాగుందంటే వెనక్కి తిరిగి చూడటానికి నాకు ఏ సాకూ దొరకలేదు.

మందు చేయడం మానేశాను. మిగిలిన పదిమందికి కూడా ఉన్నమాట చెప్పి, బండి తెస్తే విప్పి చూస్తానన్నాను. ఇద్దరు తెచ్చారు. ఒకాయన మాత్రం నమ్మలేదు. నీ మందే మంచిగుండె, ఎవరో నీకు చెడ్డ చెప్పిండ్రు అని ఇప్పటికీ వాదిస్తాడు. ఆయనతో ఎక్కువసేపు వాదించాలని ఉంటుంది. ఎక్కువసేపు ఉంటాడు కదా అని. తొందరగా ఒప్పుకుని పంపేస్తున్నాను.

అంగడి రోజున ఆ ట్రాక్టర్ నా షెడ్డు ముందు నుంచే పోవాలి, అంగడికి ఇంకో దారి లేదు. మలుపు దగ్గర వినబడుతుంది, దగ్గరికి వస్తుంది, వేగం తగ్గదు, పోతుంది. మూడు సిలిండర్లూ సమంగా పలుకుతాయి. ఇక్కడ ఆగవలసిన అవసరం దానికి లేకుండా నేనే చేశాను.

పోయిన వారం బయట నిలబడి ఉన్నాను. ట్రాలీలో ఆమె కూర్చుని ఉంది, బస్తాల మధ్య, ఒళ్ళో ఏదో మూట పెట్టుకుని. షెడ్డు దాటుతుండగా నా వైపు చూసింది. చెయ్యి ఊపిందని రాయాలని ఉంది. కొంగు సర్దుకుంది, అంతే.